80 శాతం ఓట్లతో మిగతావారి ఇళ్ళు అమ్మేయవచ్చా? ఫ్లోరిడా కండోమినియంలపై ఒక వాదనకు ఖండన

అమెరికాలోని ఫ్లోరిడాలో డెవలపర్లు పాత కండోమినియం భవనాలను (ఫ్లాటు ఎవరిది వారిదిగా, స్థలం అందరిదిగా ఉండే అపార్ట్‌మెంట్లను) గుత్తగా కొని, అమ్మడం ఇష్టంలేని యజమానులను కూడా ఖాళీ చేయించి, ఆ స్థలంలో కొత్త టవర్లు కట్టడాన్ని సమర్థించే వాదన ఒకటి విస్తృతంగా ప్రచారంలో ఉంది. 80 శాతం మంది ఒప్పుకున్నాక మిగిలినవారు అడ్డుపడటం ప్రజాస్వామ్యం కాదని, వారికి మార్కెట్ ధర ముడుతుంది కనుక నష్టమేమీ లేదని, పాత భవనాలు ఎలాగూ ప్రమాదకరమని, పైగా 80 శాతం ఓట్లుంటే కండోమినియంను రద్దుచేసి, అంటే విడివిడి యాజమాన్యాలను ముగించి, మొత్తంగా అమ్మేయవచ్చన్న ఫ్లోరిడా చట్టం సంగతి తెలిసే వారు కొన్నారని దాని సారాంశం. ఫ్లోరిడాలో ఫ్లాట్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు ఉన్నాయి. హైదరాబాద్‌లో పాత అపార్ట్‌మెంట్లను పడగొట్టి కట్టే బేరాల్లోనూ ఇటువంటి మాటలే వినిపిస్తాయి. కాబట్టి ఒక్కొక్క అంశాన్నీ విడిగా పరిశీలించవలసి ఉంది.

ముందుగా ప్రజాస్వామ్యం సంగతి. 80 శాతం మంది అనగానే ఇరుగుపొరుగువారంతా సమావేశమై చేతులెత్తినట్టు తోస్తుంది. కానీ ఫ్లోరిడా కండోమినియం చట్టం మనుషులను లెక్కపెట్టదు, ఓట్లను లెక్కపెడుతుంది; సాధారణంగా ఫ్లాటుకు ఒక ఓటు. 200 ఫ్లాట్ల భవనంలో ఒక కంపెనీ 160 ఫ్లాట్లు కొనేస్తే ఆ 80 శాతం పూర్తిగా దానిదే. యజమానుల సంఘమైన అసోసియేషన్‌కు బోర్డును ఎన్నుకునేవి ఆ ఓట్లే, కండోమినియంను రద్దుచేసే ప్రణాళికను ఆమోదించేవీ ఆ ఓట్లే. కొనేవారూ, అమ్మాలని తీర్మానించేవారూ ఒకరే అయినప్పుడు దాన్ని యజమానుల సమష్టి నిర్ణయం అనడం న్యాయం కాదు.

వ్యతిరేకించే అవకాశం ఉంది కదా అంటారు. ఉంది. 2017 సవరణ ప్రకారం మొత్తం ఓట్లలో 5 శాతం గానీ, అంతకు మించి గానీ అభ్యంతరం చెబితే ప్రణాళిక ఆగిపోతుంది, 24 నెలల వరకు మళ్ళీ తేవడానికి వీల్లేదు. పై భవనంలో 10 ఫ్లాట్లవారు కలిసికట్టుగా నిలబడితే చాలన్నమాట. అయితే కంపెనీ 191 ఫ్లాట్లు చేజిక్కించుకున్న రోజున, మిగిలిన 9 ఫ్లాట్లవారు ముక్తకంఠంతో వద్దన్నా ప్రణాళిక ఆగదు.

ఈ 80 శాతం నిబంధన ఎలా వచ్చిందో ఆ వాదన చేసేవారు చెప్పరు. అంతకుముందు, భవన నియమాల పత్రమైన డిక్లరేషన్‌లో వేరే విధంగా రాసుకుంటే తప్ప, కండోమినియంను రద్దుచేయాలంటే యజమానులందరూ ఒప్పుకోవలసి ఉండేది. 2004, 2005 సంవత్సరాల తుపానుల్లో దెబ్బతిన్న భవనాలు ఎవరో ఒకరు సమ్మతించనందువల్ల ఎటూ తేలకుండా ఉండిపోయాయి. వాటికి దారి చూపాలని 2007లో చట్టాన్ని సడలించారు. మరుసటి సంవత్సరమే గృహ మార్కెట్ కుప్పకూలింది. అమ్ముడుపోని ఫ్లాట్లను పెట్టుబడి సంస్థలు చవకగా గుత్తకు కొని, కావలసిన ఓట్లు సంపాదించి, మంచి రోజుల్లో పెద్ద ధర పెట్టి కొన్నవారిని పడిపోయిన ధరకు బయటకు పంపాయి. తుపాను బాధితుల కోసం తెరిచిన తలుపులోంచి లోపలికి వచ్చింది వీరు. ఈ అన్యాయాన్ని గుర్తించే, సగం ఫ్లాట్లో అంతకన్నా ఎక్కువో ఒకరి చేతిలోనే ఉన్న భవనాల విషయంలో శాసనసభ 2015లో కొన్ని రక్షణలు చేర్చింది. డెవలపర్ దగ్గరే కొని అందులో కాపురముంటున్నవారికి కనీసం కొన్న ధర దక్కాలన్నది వాటిలో ఒకటి.

పోల్చి చూడవలసిన విషయం ఇంకొకటి ఉంది. కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ లండన్ నగరం కేసులో 2005లో అమెరికా సుప్రీంకోర్టు ప్రైవేటు అభివృద్ధి పథకం కోసం ఇళ్ళను సేకరించడాన్ని సమర్థించినప్పుడు దేశమంతటా నిరసన పెల్లుబికింది. మరుసటి ఏడాదే ఫ్లోరిడా, ప్రభుత్వం ఒకరి ఇంటిని సేకరించి మరో ప్రైవేటు వ్యక్తికి అప్పగించడాన్ని బహుకొద్ది మినహాయింపులతో నిషేధించింది. ప్రభుత్వం రోడ్డు కోసం భూమి తీసుకున్నా పూర్తి పరిహారంతో పాటు యజమాని తరఫు వకీలు ఫీజును కూడా భరించాలి. ప్రభుత్వానికే లేని అధికారం, ఎక్కువ ఫ్లాట్లు కొన్నంత మాత్రాన ఒక కంపెనీకి ఎలా సంక్రమిస్తుంది?

ఇక మార్కెట్ ధర. వినేవారిని ఎక్కువగా నమ్మించేది ఈ మాటే, లోతుగా చూస్తే ఎక్కువ లోపం ఉన్నదీ ఇందులోనే. సముద్రతీరాన 60 ఏళ్ళ నాటి భవనంలో రెండు పడకగదుల ఫ్లాటుకు విలువ కట్టేటప్పుడు అటువంటి పాత ఫ్లాట్లు చుట్టుపక్కల ఎంతకు అమ్ముడుపోయాయో చూస్తారు. కొనే కంపెనీకి ఆ గోడలతో, వంటగదితో పనిలేదు. దానికి కావలసింది ఎత్తయిన టవరు కట్టుకోదగిన ఆ స్థలం మొత్తం. ప్రతి యజమానికీ ఆ స్థలంలో అవిభాజ్య వాటా ఉంది. స్థలమంతా ఒకరి చేతికి వచ్చినప్పుడు పెరిగే విలువ ఆ వాటాలన్నీ కలిసినందువల్ల పెరిగినదే అయినా, ఫ్లాటును ఫ్లాటుగా మాత్రమే చూసి కట్టే ధరలో దానికి చోటుండదు.

ఆ ధర కట్టే నిపుణుణ్ణి రద్దు ప్రక్రియను నడిపే ట్రస్టీగా ఉన్నవారు ఎంపిక చేస్తారు. వేరొకరిని నియమించకపోతే ఆ ట్రస్టీ అసోసియేషనే, అంటే కంపెనీ ఓట్లతో ఎన్నికైన బోర్డే. ప్రణాళిక నమోదైన తేదీకి ముందు 90 రోజుల లోపు ఉన్న విలువను లెక్కలోకి తీసుకుంటారు. ఇష్టపడి అమ్మేవారు ధరలు పుంజుకునేదాకా ఆగగలరు. ఇక్కడ ఏ నెలలో అమ్మాలో కూడా కొనేవారే నిర్ణయిస్తారు. ప్రణాళికను సవాలు చేయాలంటే నమోదైన 90 రోజుల్లోగా కదలాలి, ఓడిపోతే అవతలివారి వకీలు ఖర్చు కూడా నెత్తిన పడుతుంది. పింఛను మీద బతికే వృద్ధురాలు ఆ సాహసం చేయగలదా? నివాసముంటున్న యజమానికి ఇల్లు మారే ఖర్చుల కింద ఇచ్చేది వచ్చే సొమ్ములో ఒక శాతం. 3 లక్షల డాలర్లు దక్కే ఇంటికి అది 3 వేల డాలర్లు. ముంబైలో పునర్నిర్మాణం జరగడం లేదా అని కొందరు అడుగుతారు. అక్కడ సొసైటీ సభ్యులకు సాధారణంగా కొత్త భవనంలో ఫ్లాటు వస్తుంది, ఫ్లోరిడాలో చేతికి చెక్కు ఇచ్చి బయటకు పంపుతారు. రెండింటినీ ఒకే గాటన కట్టలేము.

భద్రత విషయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2021 జూన్ 24న ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో చాంప్లెయిన్ టవర్స్ సౌత్ కూలి 98 మంది చనిపోయారు. ఆ తర్వాత 2022లో వచ్చిన చట్టం మూడంతస్తులు, అంతకు మించిన పాత కండోమినియం భవనాలకు తనిఖీలను, మరమ్మతు నిధిని తప్పనిసరి చేసింది. ఆ భారం మోయలేక స్వయంగా అమ్ముకోవాలనుకునేవారు ఉన్నారు, వారి కష్టం నిజమైనది. అయితే బాగుచేసే ఖర్చు భవనంలోని ఫ్లాట్ల మొత్తం విలువను మించిపోతే, 80 శాతం నిబంధన ఉన్న కండోమినియం చట్టంలోనే ఇంకా తేలికైన ఆమోదంతో రద్దు చేసుకునే ప్రత్యేక మార్గం ఉంది. నిజంగా శిథిలమైన భవనానికి ఆ దారి ఉండగా, మరమ్మతుతో నిలిచే భవనానికి కూడా సర్ఫ్‌సైడ్ మృతుల పేరు చెప్పడం పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం చదవడమే.

చివరిది, తెలిసే కొన్నారన్న మాట. చాలా పాత భవనాల డిక్లరేషన్లలో రద్దుకు యజమానులందరి సమ్మతి కావాలని స్పష్టంగా రాసి ఉంది. వారు తెలిసి కొన్నది ఆ హామీనే. దాన్ని 2007 చట్టంతో వెనక్కి వెళ్ళి తుడిచేయడం కుదరదని, ట్రాపికానా కండోమినియం కేసులో 2016లో ఫ్లోరిడా మూడవ జిల్లా అప్పీలు కోర్టు తేల్చింది. మయామిలో బిస్కేన్ 21 అనే భవనాన్ని దాదాపు పూర్తిగా కొనేసిన డెవలపర్ పక్షం, డిక్లరేషన్‌లో 100 శాతం అని ఉన్నదాన్ని 80కి తగ్గిస్తూ సవరణ చేసుకుంది. అమ్మని కొద్దిమంది యజమానులు కోర్టుకెక్కారు. అటువంటి సవరణ ప్రతి యజమాని ఓటు హక్కునూ మార్చేది కనుక అందరి అంగీకారం లేకుండా చెల్లదని అదే కోర్టు 2024 మార్చిలో తీర్పు చెప్పింది.

కోర్టుకు వెళ్ళే స్తోమత లేనివారికి ఈ తీర్పులు తమంతట తాము రక్షణ ఇవ్వవు. ఇల్లినాయి రాష్ట్ర చట్టం 75 శాతంతో సరిపెట్టగా, షికాగో నగరం 2019లో తన పరిధిలో దాన్ని 85కి పెంచింది. అది మంచి అడుగే అయినా, 75 శాతం కొనగలిగిన కంపెనీ 85 కూడా కొనగలదు. అందుచేత రద్దు తీర్మానంలో గుత్తగా కొన్నవారి ఓట్లను పక్కనపెట్టి మిగిలిన యజమానుల ఓట్లనే లెక్కించాలి, బలవంతంగా అమ్మించే ప్రతి ఫ్లాటుకూ స్థలం మొత్తం విలువలో దాని వాటా ప్రకారమే ధర కట్టాలి.