రెండు స్టాంపులు, 3 కోట్ల 15 లక్షలు

మన నెట్ వర్త్ ఎంతో తెలుసుకోవాలంటే ఆస్తులన్నీ ఒక పక్క, అప్పులన్నీ ఒక పక్క రాసి, వాటిలోంచి వీటిని తీసేయాలని యూట్యూబ్‌లో కుర్రాళ్లు చెప్తుంటారు. దాన్ని పెంచుకోవాలంటే నెలకు 5 వేలు మ్యూచువల్ ఫండ్ సిప్‌లో పడేసి, ఏడాదికి 12 శాతం రాకపోతుందా అని దేవుడికి దండం పెట్టుకుని, 20 ఏళ్లు నోరు మూసుకుని కూర్చోవాలట. అప్పుడు 50 లక్షల దాకా అవుతుందట. పాపం, వాళ్లు అమీర్‌పేట ఎప్పుడూ రాలేదనుకుంటా. అక్కడ ఒక కన్సల్టెన్సీలో, తెప్పించిన టీ చల్లారేలోపు, మా బావ నెట్ వర్త్ నా కళ్ల ముందే 3 కోట్ల 15 లక్షలైంది.

సంగతి మీకు కొత్తేమీ కాదు. మా మేనల్లుడు బీటెక్ అయ్యాడు, అందరిలాగే ఎమ్మెస్‌కి అమెరికా అన్నాడు, సీటిచ్చిన అక్కడి యూనివర్సిటీ పంపే ఐ-20 అనే కాగితం వచ్చింది. అందులో మొదటి ఏడాది ఖర్చు 38 వేల డాలర్లని ఉంది. అంత ఖర్చు పెట్టగల తండ్రి వెనకాల ఉన్నాడని వీసా ఆఫీసర్‌కి చూపించడానికి సీఏ ఇచ్చే నెట్ వర్త్ సర్టిఫికెట్ కావాలన్నారు. మా బావది మధిర దగ్గర ఒక ఊరు, మిర్చి వేస్తాడు. హైదరాబాద్‌లో ఆఫీసు మెట్లెక్కాలంటే చెప్పులు ఎక్కడ విడవాలి అని అడిగే మనిషి. తోడు రమ్మంటే వెళ్లాను, అదే నేను చేసిన పొరపాటు.

కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడికి పాతికేళ్లుంటాయేమో. వాడే మా బావకి ఆ రోజు కుబేరుడు.

"అంకుల్, ల్యాండ్ ఎంత?"

"మూడెకరాల పది గుంటలు బాబూ. పాసుపుస్తకం తెచ్చాను."

"ఎకరం అరవై లక్షలు వేద్దామా?"

బావ నా వైపు చూశాడు. ఆ ఊళ్లో ఎకరం అరవై లక్షలకు కొనేవాడుంటే బావ ఈపాటికి వాడి కాళ్లు కడిగి నెత్తిన చల్లుకునేవాడు. పైగా మొన్నీమధ్య పక్క చేను రిజిస్ట్రేషన్‌కి వెళ్లినప్పుడు, అదే నేల, అదే గట్టు, కాగితాల్లో విలువ 6 లక్షలే. స్టాంపు డ్యూటీ కట్టేటప్పుడు మన భూమి బీడు, వీసాకి వెళ్లేటప్పుడు కోకాపేట.

"ఇల్లు?"

"ఇల్లంటే... మా నాన్నగారిది. పెంకుటిల్లు. ముగ్గురు అన్నదమ్ములం, ఇంకా పంచుకోలేదు."

"పర్లేదు అంకుల్, ఎనభై ఐదు లక్షలు వేస్తున్నా."

మూడో వంతా, మొత్తమా అని నేనే అడిగాను. వాడు నన్ను జాలిగా చూసి, మొత్తమే వేస్తారు సార్ అన్నాడు. పోయినేడాది పెద్దన్న కొడుకు కోసం ఇదే ఇంటిని మొత్తం వేశారు. చిన్నతమ్ముడి కూతురికి వచ్చే ఏడాది మళ్లీ వేస్తారు. ఈ లెక్కన ఆ పెంకుటిల్లు ఒక్కటే ముగ్గురు పిల్లల్ని అమెరికాకి మోస్తోంది. అందులో ఉంటున్న ముసలమ్మకి మాత్రం తాను ఎనభై ఐదు లక్షల కింద పడుకుంటున్న సంగతి తెలీదు. వానొస్తే ఏ మూల గిన్నె పెట్టాలో తెలుసు.

"ఆంటీ, గోల్డ్?"

అక్క మెల్లగా, పన్నెండు తులాలు అంది. కుర్రాడు క్యాలిక్యులేటర్ కొట్టి పెదవి విరిచాడు. మూడు కోట్లు దాటితే ఫైల్ స్ట్రాంగ్‌గా ఉంటుంది ఆంటీ, ముప్ఫై ఐదు పెడదాం, వాళ్లేమీ మెడ చూడరు కదా అన్నాడు. అక్క చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. అక్కడున్నది పసుపుతాడు.

వాడు వేసిన అంకెలన్నీ సీఏ గారి కాగితం మీదికి ఎక్కాయి, రెండు స్టాంపులు పడ్డాయి. ఎవరూ ఏమీ అనడానికి లేకుండా, క్లయింట్ ఇచ్చిన వివరాల ఆధారంగా అని కింద సన్నక్షరాల్లో ఒక వాక్యం. దొంగ సర్టిఫికెట్లు రాకూడదని 2019 ఫిబ్రవరి 1 నుంచి సీఏలు ఇచ్చే ప్రతి సర్టిఫికెట్‌కీ యూడిన్ అని అంకెలూ అక్షరాలూ కలిపి 18 ఉండే నంబరు తప్పనిసరి చేశారు. అది కూడా ఉంది. నంబరు అసలైనదే, సంతకం అసలైనదే. ముప్ఫై ఐదు తులాలే ఎక్కడున్నాయో తెలీదు.

ఇక్కడిదాకా నాకూ నవ్వే వచ్చింది. తర్వాత అప్పులు అని ఒక గడి వచ్చింది. కుర్రాడు బావని అడగను కూడా అడగలేదు. నిల్ అని కొట్టి ఎంటర్ నొక్కాడు.

2024 ఎన్నికల్లో గుంటూరు ఎంపీగా పోటీ చేసిన పెమ్మసాని చంద్రశేఖర్ అఫిడవిట్‌లో కుటుంబ ఆస్తులు 5,700 కోట్లకు పైగా చూపించారు. ఆయన ఫొటో ఏ కన్సల్టెన్సీలో పెట్టినా పెట్టొచ్చు, అమెరికా వెళ్లి ఎదిగిన డాక్టరు మరి. ఆ అఫిడవిట్‌లోనే అప్పులు వెయ్యి కోట్ల పైన ఉన్నాయి. అంత ఆసామికే అప్పుంది. మధిర మిర్చి రైతుకి మాత్రం నిల్!

నిల్ ఏమిట్రా, నిల్? కమీషన్ వ్యాపారి దగ్గర ఆరు లక్షలుంది, నూటికి రెండు రూపాయల వడ్డీ, నెల తిరిగేసరికి 12 వేలు. అది నిల్లా? ఆ పన్నెండు తులాల్లో తొమ్మిది బ్యాంకులో తాకట్టులో ఉన్నాయి, రెండేళ్లుగా వడ్డీ కట్టి తిరగరాయించుకుంటున్నారు. అది నిల్లా? తామర పురుగు తినేసిన పంటకి కొట్టిన మందుల బాకీ నిల్లా? అసలు అప్పులేని మనిషని కాగితం రాయించుకున్నది ఎందుకు? ఇంకో 40 లక్షలు అప్పు చేయడానికి. చదువు లోనుకి అక్క చేత కూడా సంతకం పెట్టించారు. సంతకం పెట్టేటప్పుడు వడ్డీ ఎంతని ఆవిడ అడిగితే, బాబు అక్కడ సంపాదించి కడతాడులే ఆంటీ అన్నారు. కన్సల్టెన్సీకి కమీషన్ ముడుతుంది, స్టాంపుకి ఫీజు ముడుతుంది, ఎకరాలు కోట్లైన సంబరం మాకు ముడుతుంది. ఇంతా చేస్తే, నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో కిటికీ అవతల కూర్చున్న ఆఫీసరు రెండు నిమిషాలు మాట్లాడి వీసా ఇచ్చేశాడు, ఆ ఫైల్ తెరవమని కూడా అనలేదు.

సర్టిఫికెట్ బావ పారేయలేదు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పోయిన నెల బంగారం లోను తిరగరాయించుకోవడానికి వెళ్తూ బ్యాంకుకి పట్టుకెళ్లాడు, వడ్డీ ఏమైనా తగ్గిస్తారేమోనని. మేనేజరు గారు చదివి, మర్యాదగా మడిచి ఇచ్చేసి, ఇది వీసాకండీ, మా దగ్గర చెల్లదు అన్నారట.

నిన్న బావ తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, మన ఇంటికి మీవాళ్లు ఎంత వేయించారు? ఎనభై ఐదేనా? రేట్లు పెరిగాయి కదా, మా అమ్మాయికి తొంభై ఐదు వేయిద్దామనుకుంటున్నాం."