గొలుసు దొరికింది, మరి అమ్మ?

గొలుసు దొంగలు దొరికారని, సొమ్ము రికవరీ అయిందని పేపర్లో వార్త రాశారు. సంతోషమే. కానీ వార్త అక్కడితో అయిపోయినట్టు రాయడం నాకు నచ్చలేదు.

2019లో మా అమ్మ తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేస్తుంటే బైక్ మీద ఇద్దరు వచ్చారు. ఒకడు అడ్రస్ అడిగాడు. అమ్మ తలెత్తేలోపు పుస్తెలతాడు లాగేశాడు. అది ఒక్క ఊపుకి తెగలేదు, అమ్మని నాలుగడుగులు ఈడ్చింది. నేను బయటికొచ్చేసరికి సగం వేసిన ముగ్గు మీద నల్లపూసలు, మెడ చుట్టూ కత్తితో గీసినట్టు ఎర్రటి గీత. అమ్మ ఏడవలేదు, పూసలు ఏరుకుంటూ కూర్చుంది.

పోలీస్ స్టేషన్‌లో మొదట సెక్షన్ 379, అంటే మామూలు దొంగతనం కింద రాసుకున్నారు. దొంగతనం కోసం మనిషిని గాయపరిస్తే అది దోపిడీ, అప్పటి శిక్షల చట్టం ఐపీసీలో సెక్షన్ 392, పదేళ్ల వరకు జైలు. మా బాబాయి లాయర్ దగ్గర గుమాస్తా కాబట్టి పట్టుబట్టి మార్పించాడు. అలాంటి మనిషి లేనివాళ్ల సంగతేంటి? ఇప్పుడు ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత)లో లాక్కుపోవడానికి విడిగా 304 సెక్షన్ ఉంది, శిక్ష మూడేళ్ల వరకే. దెబ్బ తగిలితే మాత్రం 309 కింద దోపిడీ కేసు పెట్టమని గట్టిగా అడగండి. డాక్టర్ సర్టిఫికెట్ తప్పక తీసుకోండి.

'బంగారం వేసుకుని బయటికి రావడమెందుకు' అని చుట్టాలు కూడా అన్నారు. సొంత వాకిలి బయట ఎప్పుడైందో!

అమ్మ ఇప్పుడు పసుపుతాడుతోనే ఉంటుంది. ముగ్గు మాత్రం నాన్న లేచి గేటు దగ్గర నిలబడ్డాకే వేస్తుంది.