సవరణ: న్యూయార్క్ చట్టంలో 2040 గడువు దేనికి?

స్వచ్ఛ ఇంధనం పెంచాలని గవర్నర్లకు, రాష్ట్ర శాసనసభ్యులకు ఉత్తరాలు రాయమంటూ పెట్టిన పోస్టులో, "2040 నాటికి కరెంటు మొత్తం పునరుత్పాదక వనరుల నుంచే రావాలని న్యూయార్క్ చట్టం చేసింది" అని రాశాను. అది తప్పు.

2019లో ఆమోదించిన ఆ వాతావరణ చట్టం పాఠంలో రెండు గడువులున్నాయి. 2030కి 70 శాతం కరెంటు పునరుత్పాదక వనరుల నుంచి రావాలి. 2040కి కావాల్సింది ఉద్గారాలు లేని కరెంటు. ఈ తేడా చిన్నదేం కాదు. అణు విద్యుత్తు పునరుత్పాదకం కాదు, కానీ రియాక్టరు నడిచేటప్పుడు కార్బన్ వదలదు కాబట్టి రెండో లెక్కలోకి రాగలదు. నేను రెండింటినీ కలిపేశాను.

కొందరు 2040ని మొత్తం కాలుష్యానికి గడువు అనుకున్నారు. కాదు, అది కరెంటు వరకే. వాహనాలు, ఇళ్లు వెచ్చబెట్టే గ్యాస్ వగైరా అన్నీ కలిపిన లక్ష్యం వేరే ఉంది: 1990తో పోలిస్తే 2030కి 40 శాతం, 2050కి 85 శాతం తగ్గింపు.

ఉత్తరం ఇంకా పంపనివాళ్లు దయచేసి ఆ వాక్యం మార్చండి. ఒక్క తప్పు అంకె దొరికితే చాలు, అసలు డిమాండునే పక్కన పెట్టేస్తారు. పోస్టులో కూడా సరిచేశాను.