అతివేగం... ఏ దిక్కుకు?

ఏలూరు రోడ్డు మీద పోతుంటే "అతివేగం ప్రమాదకరం" అన్న బోర్డు కనిపించింది. సంబంధిత అధికారులకు నా అభ్యంతరం సవినయంగా తెలియజేసుకుంటున్నాను. ఆ వాక్యం అసంపూర్ణం. వేగం అన్నాక దిక్కు చెప్పాలి. పిల్లల సైన్సు పుస్తకంలో అలాగే ఉంది. "ఈశాన్యం వైపు అతివేగం ప్రమాదకరం" అని రాస్తే శాస్త్రానికి గౌరవంగా ఉంటుంది, ఏలూరు వెళ్లేవాళ్లూ జాగ్రత్తపడతారు. బోర్డు మీద అంత చోటు లేదంటే కనీసం "అతివడి ప్రమాదకరం" అని దిద్దించాలి.

వడి ఏమిటని అడిగేవాళ్లుంటారు. పాఠ్యపుస్తకం స్పీడును వడి అనీ, వెలాసిటీని వేగం అనీ అంటుంది. ఎంత జోరుగా పోతున్నామో మాత్రమే చెబితే వడి. ఆ జోరుతో పాటు ఎటు పోతున్నామో కూడా చెబితే వేగం. మొదటిది అదిశ, రెండోది సదిశ. అంతా బాగానే ఉంది గాని, బెజవాడలో వడి అనే మాట వాడేవాడు నాకింతవరకు తగల్లేదు. కథల్లో వడివడిగా నడిచేవాళ్లున్నారు. "బండి మంచి వడి మీదుంది బాబాయ్" అన్నవాడు మాత్రం లేడు. అందరిదీ స్పీడే. కాస్త తెలుగు మీద ప్రేమ ఉన్నవాడైతే దాన్నే వేగం అంటాడు. పిల్లవాడు పుట్టినప్పటి నుంచి ఇంట్లో విన్న అర్థాన్ని బడిలో ఒక్క పీరియడ్లో వదిలెయ్యాలి. వాడేం వదలడు. పరీక్షలో రెండు మార్కులకు తేడాలు రాసేసి, గేటు దాటగానే పాత అర్థాన్ని మళ్లీ జేబులో వేసుకుంటాడు.

నిజానికి దిక్కుల గురించి మనకు పాఠం చెప్పాల్సిన పనే లేదు. ఉత్తరానికి తల పెట్టి పడుకోని జాతి మనది. బోరు ఈశాన్యంలో లేదంటే కట్టిన ఇల్లయినా కొనం. మా నాయనమ్మ సోమవారం పూట తూర్పుకు బయలుదేరనిచ్చేది కాదు, వారశూల అని. ఆవిడ ఏనాడూ "ఎంత స్పీడులో పోతావురా" అని అడిగిన పాపాన పోలేదు. ఎటు పోతున్నావనే అడిగింది. సదిశ రాశి మీద అంత పట్టున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

దూరానికీ స్థానభ్రంశానికీ తేడా కావాలంటే ఆటో ఎక్కండి. తిరిగిన దారి మొత్తం దూరం. బయలుదేరిన చోటి నుంచి చేరిన చోటికి తిన్నగా గీత గీస్తే స్థానభ్రంశం. మొన్న బస్టాండు దగ్గర గవర్నరుపేటకు ఆటో మాట్లాడాను.

"ఎనభై ఇవ్వండి సార్."

"ఇక్కడికిక్కడే కదయ్యా!"

"ఇక్కడికిక్కడే అంటే ఎట్టా సార్? వన్‌వేలు, చుట్టూ తిరిగి రావాలి."

గమనించండి. నేను స్థానభ్రంశం వైపు, అతను దూరం వైపు. చదువుకున్నది నేను, సరిగ్గా చెప్పింది అతను. అరవైకి ఒప్పుకున్నాడు. ఎక్కాక ఒక రోడ్డు తవ్వేసి ఉంది, ఇంకో రోడ్డుకు అడ్డంగా షామియానా ఉంది, మూడో రోడ్డులో ఎక్కడున్నామో ఇద్దరికీ తెలియలేదు. దిగేటప్పుడు ఇంకో ఇరవై అడిగాడు. నేను గంభీరంగా, "మనం మాట్లాడుకున్నది స్థానభ్రంశానికి" అన్నాను. అతను మీటరుకు కట్టిన నిమ్మకాయ వంక ఒకసారి చూసి, "అక్కడికైతే ఇంకా ఎక్కువవుద్ది సార్" అన్నాడు. ఇరవై ఇచ్చేశాను.

ఇంద్రకీలాద్రికి పౌర్ణమినాడు గిరి ప్రదక్షిణ చేసేవాళ్ల స్థానభ్రంశం కచ్చితంగా సున్నా. అయినా పుణ్యం వస్తుంది. అమ్మవారు దూరం లెక్కే చూస్తుందని దీన్నిబట్టి తెలుస్తోంది. మా కాలనీ పెద్దాయన రోజూ సాయంత్రం ప్రకాశం బ్యారేజీ ఈ చివర నుంచి ఆ చివరికీ మళ్లీ ఈ చివరికీ నడుస్తాడు. 1223.5 మీటర్లు పోను, 1223.5 రాను. స్థానభ్రంశం సున్నా. ఆయన బరువులో తేడా కూడా అంతే.

ఇక నా సొంత గోడు. ఒక సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసుకు తిరుగుతున్నాను. ఏ ఆఫీసని అడగకండి, పని ఇంకా కాలేదు. మా ఇంటికి 6 కిలోమీటర్లు. పొద్దున ట్రాఫిక్‌లో 40 నిమిషాలు పట్టింది, అంటే గంటకు 9 కిలోమీటర్లు. మధ్యాహ్నం ఎండకు రోడ్డు ఖాళీ, 20 నిమిషాల్లో ఇల్లు చేరాను, గంటకు 18. మా పక్కింటాయన రిటైర్డ్ అకౌంటెంట్. రెండూ కలిపి సగం చేసి, సగటున పదమూడున్నర అన్నాడు. తప్పు. నెమ్మదిగా పోయిన దారిలో ఎక్కువసేపు ఉన్నాను కాబట్టి ఆ నెమ్మదే ఎక్కువ తూగుతుంది. మొత్తం దూరం 12, మొత్తం కాలం గంట. సగటు వడి గంటకు 12. స్థానభ్రంశాన్ని కాలంతో భాగిస్తే వచ్చే సగటు వేగం మాత్రం సున్నా, ఎందుకంటే బయలుదేరిన కుర్చీలోనే మళ్లీ కూర్చున్నాను, ఉత్త చేతులతో. "ఫైలు కదులుతోందండీ" అని గుమాస్తా చెప్పిన మాట అబద్ధం కాదు. ఈ టేబుల్ నుంచి ఆ టేబుల్‌కు, అక్కణ్ణుంచి మేడ మీదికి, సంతకం లేదని మళ్లీ మొదటి టేబుల్‌కు వచ్చింది. దూరం బోలెడు. పెట్రోలు బంకువాడు కూడా దూరానికే డబ్బు పుచ్చుకుంటాడు. స్థానభ్రంశాన్ని లెక్కలోకి తీసుకునే వ్యాపారి ఈ ఊళ్లో ఒక్కడూ లేడు.

బెంజి సర్కిల్‌లో ఇరవై మీద నిలకడగా మలుపు తిరిగే బండికి వడి మారదు గాని దిశ క్షణక్షణం మారుతుంది కాబట్టి వేగం మారుతుంది. వేగం మారితే త్వరణం ఉన్నట్టే. రేజ్ ఇవ్వకుండానే త్వరణం! స్పీడోమీటరుకు ఈ సంగతి తెలియదు. అది వడినే చూపిస్తుంది, దిక్కుతో దానికి పని లేదు. హైదరాబాదు నుంచి బెజవాడ మీదుగా విశాఖ పోయే కొన్ని రైళ్లకు ఇక్కడ ఇంజను విప్పి రెండో చివర తగిలిస్తారు. అప్పటిదాకా ముందుకు చూస్తూ వచ్చిన పెద్దమనిషి ఇక్కణ్ణుంచి వెనక్కి పోతుంటాడు. టీ తాగి వచ్చినవాడు రైలు తప్పు ఎక్కాననుకుని దిగబోవడం నా కళ్లతో చూశాను.

రాంగ్ రూట్‌లో వచ్చే కుర్రాళ్లను ఆపితే "స్పీడుగా రావట్లేదుగా అంకుల్" అంటారు. నిజమే, నలభైలోనే వస్తున్నారు. ఒకే వైపు నలభైలో పోతున్న రెండు బండ్లలో ఒకదాన్ని బట్టి రెండోదాని వేగం సున్నా, పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ పోవచ్చు. అవే బండ్లు అదే నలభైలో ఎదురెదురుగా వస్తే ఎనభై. అంటే సెకనుకు 22 మీటర్లు. సెల్లులో మెసేజ్ ఎవరిదో చూసేలోపు రెంటి మధ్య ఉన్న రోడ్డు అయిపోతుంది. ఎవడి స్పీడూ పెరగలేదు, ఎదురు దిక్కుకు పెట్టే ఒక్క మైనస్ గుర్తు తేడా. ఈ లెక్క చేసినందుకు వాళ్లలో చాలామందికి ఇంటర్‌లో మార్కులు పడే ఉంటాయి.

మా మేనల్లుడికీ పడ్డాయి. ఊరి చివర హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. పోయిన ఆదివారం ఔటింగ్ ఇస్తే వెళ్లి తెచ్చాను. అన్నం తింటూ నా ఆఫీసు గోడంతా విని, "మావయ్యా, మీ సగటు వేగం సున్నా" అన్నాడు. వాళ్లత్తయ్యకు ఆ జవాబు తెగ నచ్చింది, ఇంకో గరిటె పప్పు వేసింది.

"మరి నీదెంతరా?"

వాడు ముద్ద కలపడం ఆపాడు. "రూము నుంచి క్లాసు, క్లాసు నుంచి మెస్సు, మెస్సు నుంచి స్టడీ అవరు, మళ్లీ రూము" అని వేళ్ల మీద లెక్కపెట్టి నవ్వాడు.

అయిదింటిలోపు దింపాలన్నారు కదా అని పది నిమిషాల ముందే గేటు దగ్గర దింపాను. వాచ్‌మన్ రిజిస్టరు తీసి నన్ను సంతకం పెట్టమన్నాడు. బయటికి వెళ్లిన టైము 9:10, లోపలికి వచ్చిన టైము 4:50. ఆ రెండు గడుల పక్కన రిమార్కులకు ఒక గడి ఉంది. ఎటు వెళ్లాడో రాయడానికి గడి లేదు.