తెడ్డు పట్టుకోవడం నేర్పుతున్నారు, ఊపిరి వదలడం ఎందుకు నేర్పరు?

హైదరాబాద్ దుర్గం చెరువులో సెలవురోజు పొద్దున్నే కయాకులు (రెండు చివర్లా పలక ఉన్న తెడ్డుతో నడిపే సన్నటి పడవలు) చూడండి. కొత్తవాళ్లు ఒడ్డు దాటి కాస్త దూరం పోగానే రొప్పుతూ ఆగిపోతారు. స్టామినా లేదనుకుంటారు. చాలామందిలో అది స్టామినా సమస్యే కాదు, ఊపిరి బిగబట్టడం. పడవ ఊగినా, తెడ్డు బలంగా లాగినా తెలియకుండానే గొంతు బిగుసుకుంటుంది. పక్కనుంచేమో "గట్టిగా గాలి పీల్చు" అని సలహా! లోపలున్నది బయటికి పోకుండా కొత్త గాలికి చోటేది? ఆ సలహా విని గబగబా లోతుగా పీలిస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తేలిపోతుంది, వేళ్లు చిమచిమలాడతాయి.

ముందు వదలడం నేర్పండి. ఎడమ, కుడి కలిపి నిమిషానికి 60 స్ట్రోకులు, అంటే 60 తెడ్డు లాగులు, వేస్తున్నారనుకుందాం. మూడు స్ట్రోకులకి వదిలి మూడు స్ట్రోకులకి పీలిస్తే నిమిషానికి 10 శ్వాసలు, తాపీగా తిరగడానికి సరిపోతాయి. జోరు పెంచితే రెండు-రెండు, అంటే 15. నా ఓటు మాత్రం 3-2కి: మూడు స్ట్రోకులు వదలడం, రెండు పీల్చడం. మొత్తం ఐదు, బేసి సంఖ్య. అందుకే వదలడం ఒకసారి ఎడమ లాగుతో, మరోసారి కుడి లాగుతో మొదలవుతుంది, ఎప్పుడూ ఒకేవైపు పడదు. స్ప్రింట్‌లో ఈ లెక్క నిలవదు. అక్కడ ఒకవైపు లాగుతూ వదిలి, రెండోవైపు పీల్చడమే.

హుస్సేన్‌సాగర్‌లో రోయింగ్ (ముందుకీ వెనక్కీ జారే సీటు మీద కూర్చుని పడవ నడపడం) చేసేవాళ్ల పద్ధతి వేరు: కాళ్లతో తోస్తూ వదులుతారు, సీటు ముందుకు జరిగేటప్పుడు పీలుస్తారు. కయాక్‌కి అది అతకదు.

ఇంకో సంగతి, కూర్చునే తీరు. వెనక్కి వాలి గూనిగా కూర్చుంటే పొట్ట నలిగి డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే శ్వాస కండరం) కిందికి దిగదు. ఎన్ని లెక్కలు పెట్టినా దండగే. పిర్రల ఎముకల మీద నిటారుగా కూర్చుని, తుంటి దగ్గర నుంచి కాస్త ముందుకు వంగి, మోకాళ్లు కొంచెం మడిచి, పాదాలు ఫుట్‌రెస్ట్‌కి ఆనించాలి. లైఫ్ జాకెట్ పక్కపట్టీలు నిండా గాలి పీల్చి బిగించండి. తర్వాత భుజాల దగ్గర పైకి లాగి చూడండి, గడ్డం దాటి రాకూడదు. తెడ్డుని పిడికిలి బిగించి పట్టుకుంటే భుజాలు చెవులదాకా లేస్తాయి, శ్వాస ఛాతీ పైభాగంలోనే ఆగిపోతుంది.

సాధనకి నీళ్లు అక్కర్లేదు. నేలమీద కాళ్లు చాపి, చీపురుకర్ర పట్టుకుని, ఫోన్‌లో మెట్రోనోమ్ (లయకి టిక్ టిక్ కొట్టే యాప్) నిమిషానికి 60కి పెట్టి నడుము తిప్పుతూ 5 నిమిషాలు చేయండి. వదిలేటప్పుడు పెదాలు సున్నాలా చుట్టి "ఉఫ్" అని మీకే వినపడాలి. చెరువులో ఉన్నప్పుడు పక్క కయాక్‌వాళ్లతో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడి చూడండి. మధ్యలో తెగిందా, వేగం తగ్గించండి. డొక్కలో పోటు వస్తే నెమ్మదించి, వదిలే శ్వాసని పొడిగించండి. ఛాతీలో నొప్పైతే మాత్రం ఆపేసి ఒడ్డుకి రావాల్సిందే. బీపీ ఉన్నవాళ్లు బిగబట్టి లాగడం అసలు వద్దు, ఆ క్షణంలో ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది.

నేర్పేవాళ్లకి ఒక్కటే విన్నపం. పడవ దించకముందే ఆ 5 నిమిషాలు ఇవ్వండి, వెనక ఎంత పెద్ద క్యూ ఉన్నా సరే.