పదహారేళ్ల గొంతు, పద్నాలుగు నిమిషాల పాట

డ్యాన్స్ కోసం పుట్టిన సంగీతాన్ని కూర్చుని శ్రద్ధగా వినక్కర్లేదని చాలామంది అనుకుంటారు. సల్సా విషయంలో ఈ అభిప్రాయం మరీ బలంగా ఉంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సల్సా క్లాసులకు వెళ్లేవాళ్లు స్టెప్పులు నేర్చుకుంటారు, టర్నులు నేర్చుకుంటారు. ఏ పాటకు ఆడుతున్నారో, అది ఎవరు వాయించారో పట్టించుకునేవాళ్లు తక్కువ. జాజ్ అభిమానులది ఇంకో తీరు. సాక్సఫోన్ సోలో వస్తే చెవులు రిక్కిస్తారు, కోరస్ అందుకోగానే ఇది పార్టీ పాటలే అని పక్కన పెట్టేస్తారు. ఈ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వినాల్సిన ఆల్బమ్ ఒకటుంది. న్యూయార్క్ పియానో వాద్యకారుడు ఎడ్డీ పాల్మియేరి 1974లో విడుదల చేసిన 'ది సన్ ఆఫ్ లాటిన్ మ్యూజిక్'. లాటిన్ సంగీతానికి గ్రామీ వాళ్లు మొదటిసారి విడిగా అవార్డు పెట్టి, 1976లో దాన్ని ఇచ్చింది ఈ ఆల్బమ్‌కే.

అవార్డు సంగతి అలా ఉంచితే, ఈ రికార్డును ఇంతగా తలచుకోవడానికి నా కారణం వేరు. సంగీతంలో ప్రయోగం చేయాలంటే ముందు తాళం కట్టుబాటు తెంచుకోవాలని ఒక నమ్మకం ఉంది. ఈ ఆల్బమ్ దానికి ఎదురు నిలుస్తుంది. తాళం ఎంత గట్టిగా పట్టుకుంటే దానిమీద అంత దూరం పోవచ్చని ఆరు పాటల్లో వినిపిస్తుంది.

పాల్మియేరి తల్లిదండ్రులు ప్యూర్టో రికోలోని పోన్సే నుంచి వచ్చినవాళ్లు. ఆయన 1936లో న్యూయార్క్‌లో పుట్టి సౌత్ బ్రాంక్స్‌లో పెరిగాడు. అన్న చార్లీ అప్పటికే పేరున్న పియానో వాద్యకారుడు. ఎడ్డీ మాత్రం పదమూడేళ్ల వయసులో మేనమామ బ్యాండ్‌లో టింబాలెస్ డ్రమ్ములు వాయించి, తర్వాత మళ్లీ పియానో దగ్గరికి వచ్చాడు. ఆ డ్రమ్ముల అలవాటు చేతుల్లోంచి పోలేదు. ఆయన వాయిస్తుంటే పియానో కూడా ఒక తాళవాద్యమే అనిపిస్తుంది. 1961లో పెట్టిన 'లా పెర్ఫెక్టా' బ్యాండ్‌లో అందరూ వాడే ట్రంపెట్ల బదులు ట్రాంబోన్లు పెట్టి, పైన ఒక ఫ్లూట్ చేర్చాడు. ఆ గరుకైన, బరువైన ధ్వని తర్వాతి సల్సా బ్యాండ్లకు దారి వేసింది.

అదే కాలంలో క్యూబా విప్లవం వచ్చింది, దాని వెనకే అమెరికా ఆంక్షలు వచ్చాయి. అంతదాకా హవానా నుంచి న్యూయార్క్‌కు వాద్యకారులు, కొత్త పాటలు ధారాళంగా వచ్చేవి. ఆ దారి మూసుకుపోయింది. క్యూబా 'సోన్' సంగీతాన్ని ముందుకు తీసుకెళ్లే పని న్యూయార్క్‌లోని ప్యూర్టో రికన్లు, అక్కడే స్థిరపడ్డ క్యూబన్లు, వాళ్లతో కలిసి వాయించిన యూదులు, ఆఫ్రికన్ అమెరికన్ల చేతికి వచ్చింది. అమ్మకాల కోసం దానికి సల్సా అనే పేరు స్థిరపడింది. పాల్మియేరికి ఆ పేరు నచ్చేది కాదు. ఆఫ్రో-క్యూబన్, ఆఫ్రో-కరీబియన్ అనడమే ఆయనకు ఇష్టం. సంగీతం ఎక్కడి నుంచి వచ్చిందో పేరులోనే కనబడాలన్న ఆ పట్టుదల న్యాయమైనదే.

ఈ సంగీతానికి ఇరుసు క్లావె. రెండు చిన్న కర్రముక్కలు తట్టి చూపించే ఐదు దెబ్బల వరస అది. మన లయ తెలిసినవాళ్లకు దీన్ని పట్టుకోవడం తేలిక. "తకిట తకిట తకధిమి తక తకధిమి" అంటూ ప్రతి ముక్క మొదటి అక్షరం మీద చప్పట్లు కొట్టండి. మొత్తం పదహారు అక్షరాలు, ఐదు చప్పట్లు. మొదటి సగంలో మూడు, రెండో సగంలో రెండు. కొన్ని పాటలు మూడు దెబ్బల వైపు నుంచి, కొన్ని రెండు దెబ్బల వైపు నుంచి నడుస్తాయి. చాలాసార్లు ఈ వరసను ఎవరూ పైకి వాయించరు కూడా. అయినా బ్యాండ్‌లో ప్రతివాళ్ల లోపలా అది నడుస్తూనే ఉంటుంది. పియానో తిప్పితిప్పి వాయించే చిన్న పల్లవి లాంటి 'మోంతునో' దానికి లోబడాలి. కాంగా డ్రమ్ముల నడక లోబడాలి. బేస్ సంగతి మరీ చిత్రం. మొదటి దెబ్బ మీద పడాల్సిన స్వరం దానికి ముందే పడిపోతుంది, దెబ్బ దగ్గరికి వచ్చేసరికి బేస్ ఊరుకుంటుంది. కాలు తనంతట తనే కదలడానికి సగం కారణం ఆ ఖాళీయే.

ఆల్బమ్‌లో మొదటి పాట 'నాదా దె తీ' ఈ యంత్రాంగమంతా ఎలా పనిచేస్తుందో చూపిస్తుంది. పాడింది లాలో రోడ్రిగెజ్. ప్యూర్టో రికో నుంచి వచ్చిన కుర్రాడు, అప్పటికి పదహారేళ్లవాడు. ఇదే ఆల్బమ్‌లోని 'దెసెయో సల్వాహె' అనే బొలేరోను, అంటే నెమ్మదిగా సాగే ప్రేమపాటను, రాసింది కూడా అతనే. సల్సా గాయకుడి అసలు పరీక్ష పాట రెండో సగంలో వస్తుంది. కోరస్ ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ పాడుతుంటే, మధ్య మధ్య దొరికే చిన్న జాగాలో గాయకుడు అప్పటికప్పుడు కల్పించి అందుకోవాలి, లయ నుంచి వెంట్రుకవాసి పక్కకు పోకూడదు. వెనక ట్రంపెట్లు, ట్రాంబోన్లతో అంత పెద్ద బ్రాస్ దళం మోగుతుంటే ఆ వయసు పిల్లవాడు పై స్థాయిలో తొణక్కుండా నిలబడటం విని తీరాలి. ఎంతోమంది ఆరితేరిన గాయకులున్న న్యూయార్క్‌లో ఇంత కష్టమైన సంగీతాన్ని ఈ గొంతు చేతిలో పెట్టిన పాల్మియేరి ధైర్యానికి నేను దండం పెడతాను.

అరేంజ్‌మెంట్లు చేసినవాళ్ల పేర్లు చూస్తే ఆల్బమ్ స్వభావం ఇంకా అర్థమవుతుంది. ఒకరు రెనె ఎర్నాండెజ్, 1940ల నుంచి మచీటో ఆర్కెస్ట్రాకు పియానో వాయిస్తూ అరేంజ్‌మెంట్లు చేసిన క్యూబన్. జాజ్‌నూ క్యూబా లయనూ మొదట గట్టిగా ముడివేసిన ఆర్కెస్ట్రా అది. ఇంకొకరు బ్యారీ రోజర్స్, బ్రాంక్స్‌లో పుట్టిన యూదు ట్రాంబోన్ వాద్యకారుడు, లా పెర్ఫెక్టా రోజుల నుంచి పాల్మియేరి సహచరుడు. పెద్ద తరం నేర్పు ఒకవైపు, బ్రాంక్స్ వీధుల దూకుడు ఇంకోవైపు. 'ఉనా రోసా ఎస్పాన్యోలా'లో పాతకాలపు క్యూబా హుందాతనంతో మొదలైన నడకలోకి బీటిల్స్ పాట ఒకదాని వరస వచ్చి కలుస్తుంది. అతుకు కనబడదు. అల్ఫ్రెడో దె లా ఫే వయొలిన్, రోనీ క్యూబర్ బారిటోన్ సాక్సఫోన్ కూడా ఈ ఆల్బమ్‌కు పెద్ద బలం. వయొలిన్ వినడం మనకు కొత్త కాదు గాని, కాంగాల మీద అది ఇలా పరుగెత్తడం కొత్తగానే ఉంటుంది.

ఇక 'ఉన్ దియా బోనీతో'. పద్నాలుగు నిమిషాలకు పైగా సాగే ఈ పాటకోసమే ఆల్బమ్ చేశారేమో అనిపిస్తుంది. మొదలు చాలాసేపు డ్యాన్స్ అన్న మాటే లేదు. పియానో ఒంటరిగా వెతుక్కుంటూ ఉంటుంది. జాజ్ పియానో దిగ్గజాలు థెలోనియస్ మంక్, మెకాయ్ టైనర్ల సంగీతాన్ని లోతుగా జీర్ణించుకున్నవాడి చేతులవి. చెవికి ఒరుసుకునే స్వరాల గుంపులు, తెగిపోయే వాక్యాలు, ఎటు పోతుందో తెలియని నిశ్శబ్దాలు. కొత్తగా వినేవాళ్లకు ఇక్కడ కొంచెం టెన్షన్ పుడుతుంది, ముందుకు జరిపేద్దామా అనిపిస్తుంది. జరపొద్దు. ఆ అనిశ్చితి మీ చెవిని తయారు చేస్తోంది. తర్వాత డ్రమ్ములు కుదురుకుని, మోంతునో తిరగడం మొదలై, కోరస్ అందుకునేసరికి అంతకుముందు విన్న కల్లోలమంతా ఈ లయలోకి దిగడానికి వేసిన దారి అని అర్థమవుతుంది. పాల్మియేరి వాయిస్తూ వాయిస్తూ మూలుగుతాడు, కేకలు వేస్తాడు. రికార్డుల్లో అది వినబడుతూనే ఉంటుంది. ఆ మనిషి అంత లీనమై వాయించాడు.

ఇది జాజా, సల్సానా అని అడిగితే నేను రెండూ అంటాను. ఆ పాటను మధ్యకు కోసి మొదటి ముక్క జాజ్ వాళ్లకు, రెండో ముక్క డ్యాన్స్ వాళ్లకు ఇస్తే రెండు ముక్కలూ చచ్చిపోతాయి. కానీ పరిశ్రమకు అరలు కావాలి. లాటిన్ జాజ్‌కు గ్రామీలో ప్రత్యేక విభాగం కావాలని పోరాడినవాళ్లలో పాల్మియేరి ముందున్నాడు, 1990ల మధ్యలో అది వచ్చింది. 2011లో గ్రామీ సంస్థ విభాగాలను 109 నుంచి 78కి కుదించినప్పుడు దాన్ని తీసేశారు. ఆయన మళ్లీ గొంతెత్తాడు. మరుసటి ఏడాది విభాగం తిరిగి వచ్చింది. విభజనలను సంగీతంలో చెరిపేసిన మనిషే విభాగం కోసం కొట్లాడటంలో నాకు వైరుధ్యం కనబడదు. ఆ అర లేకపోతే ఈ సంగీతం చేసేవాళ్లకు గుర్తింపే దొరకని పరిస్థితి అది.

ఆల్బమ్‌లో లోపం లేదనను. 'ఉన్ దియా బోనీతో' తర్వాత వచ్చే 'మి కూంబియా' చిన్న, హాయైన పాటే గాని అంత ఎత్తు నుంచి దిగి వినడానికి తేలిపోతుంది. నేనైతే దాన్ని మొదటి వైపుకు మార్చేవాణ్ని.

2025 ఆగస్టు 6న, 88 ఏళ్ల వయసులో పాల్మియేరి మరణించాడు. ఆయన్ను కొత్తగా వినాలనుకునేవాళ్లు ప్లేలిస్టుల్లో దొరికే విడి పాటలతో సరిపెట్టుకోకుండా ఈ ఆల్బమ్‌ను వరసగా వినండి. ఒకసారి బేస్‌ను మాత్రమే పట్టుకుని వినండి, ఇంకోసారి క్లావెకు చప్పట్లు కొడుతూ వినండి. ఆ తర్వాత 1965 నాటి 'అసూకార్ పా తీ'కి వెళ్లండి, లా పెర్ఫెక్టా ట్రాంబోన్ల అసలు బలం అందులో ఉంది. వైబ్రాఫోన్ వాద్యకారుడు కాల్ చేడర్‌తో 1966లో చేసిన 'ఎల్ సోనీదో నువేవో' కూడా వినండి. ఇదే పియానో అక్కడ ఎంత తగ్గి, ఎంత తక్కువ స్వరాలతో మాట్లాడుతుందో గమనించండి.