‘చెప్తమన్నరు’: ఒక శాసన పరిష్కారం

వరంగల్‌లో శాసనాలకు కొదవ లేదు, వాటిని చదివే పండితులకూ కొదవ లేదు. 1163లో రుద్రదేవుడు వేయించిన వేయిస్తంభాల గుడి శాసనాన్ని పెద్దలు అక్షరం అక్షరం విడదీసి చదివి, ఆ రాజు ఎవరిని ఓడించాడో, ఎవరిని తరిమాడో లెక్క తేల్చిపెట్టారు. అదే ఊళ్లో, ఒక ఇల్లు చూపించి వెళ్లిన తర్వాత ఒక ఏజెంటు మరొక ఏజెంటుకు, ఆ ఏజెంటు ఇంటి యజమానికి చేరవేసే ఒకే ఒక్క మాటను పరిష్కరించడానికి మాత్రం ఇంతవరకు ఎవరూ పూనుకోలేదు. ఆ మాట ‘చెప్తమన్నరు’. ఇందులో రెండు క్రియలున్నాయి. అన్నది భూతకాలం, చెప్పేది భవిష్యత్కాలం. వర్తమానం మాత్రం, ఆ పదానికి ఉన్న రెండు అర్థాల్లోనూ, లేదు. నాలుగు నెలలుగా ఈ ఏకపద శాసనంతో కాపురం చేస్తున్నవాడిగా దీనికి ఒక వ్యాఖ్యానం రాయడం నా కర్తవ్యమని భావిస్తున్నాను.

నయీంనగర్‌లో మా నాయన కట్టించిన ఇల్లు ఒకటి ఉంది. నూట అరవై గజాలు, తూర్పు ముఖం, కింద రెండు పడకగదులు, పైన ఒక గది, ముందర ఒక మల్లెచెట్టు. దాన్ని ఎనబై లక్షలకు అమ్మదలచి తెలిసిన ఒక ఏజెంటుకు చెప్పాను. ఒక ఏజెంటుకు చెప్పడమంటే ఒక్క మనిషికి చెప్పడమని నేను అనుకున్నాను. అది నా అజ్ఞానం. అమ్మేవాడి మనిషి ఒకరు, కొనేవాడి మనిషి ఒకరు, ఆ ఇద్దరి ఫోను నంబర్లూ తెలిసిన పుణ్యానికి మధ్యలో నిలబడే మనిషి ఇంకొకరు. కొనేవాడిని ఈ శాస్త్రంలో ‘పార్టీ’ అంటారు. ఎన్నికల పార్టీల లాగే ఇదీ గేటు దగ్గర దండం పెట్టి లోపలికి వస్తుంది, వెళ్లాక మళ్లీ కనబడదు.

ఒక ఆదివారం ఉదయం అలాంటి పార్టీ ఒకటి వచ్చింది. కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసే ఆయన, ఆయన భార్య, ఆమె తల్లి. వెనకాల మూడు బండ్ల మీద ముగ్గురు ఏజెంట్లు. అల్లుడుగారు ఫోనులో దిక్సూచి తెరిచి వంటగదిలో నిలబడితే ఆగ్నేయం సరిగ్గానే చూపించింది. అదే ఫోనును పడకగదిలో ఇనుప బీరువా పక్కకు తీసుకువెళ్లగానే ముల్లు గిర్రున తిరిగి నైరుతిని వాయవ్యం చేసింది. ఇనుము దగ్గర దిక్సూచి తప్పుతుందని చిన్న తరగతిలోనే చదివినవాళ్లం కనుక నేను నోరు తెరవబోయాను. ఈలోగా మధ్య మనిషి, ‘ఫోను పాతదై ఉంటది సార్’ అని అల్లుడుగారి ఫోనునే తప్పుపట్టాడు. మా ఏజెంటు సంభాషణను మామునూరు వైపు మళ్లించి, విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చిన వార్తను కొత్తగా తనకే అందినట్టు వినిపించాడు. నయీంనగర్‌లో ఇల్లు కొనేవాడు రోజూ విమానమెక్కి డ్యూటీకి పోతాడా అని ఎవరూ అడగలేదు.

పెద్దామె మాత్రం వేరే మనిషి. ఆమె గోడలు చూడలేదు, గోడల అడుగుభాగం చూసింది. అల్మారా దగ్గర వంగి, కొత్తగా వేసిన సున్నాన్ని వేలితో ఒకసారి రుద్ది, నా వైపు తిరిగి, ‘బిడ్డా, ఇక్కడ నీళ్లొస్తయా?’ అని అడిగింది.

నయీంనగర్ నాలా సంగతి హన్మకొండలో తెలియనివాళ్లు లేరు. 2020 ఆగస్టు వానలకు, మళ్లీ 2023 జులై వానలకు అది పొంగి వీధుల్లోకి వచ్చింది. ఆ తర్వాత నాలా పనులు జరిగాయి, నేను సున్నం వేయించాను, రెండూ నిజమే. ఆమె అడిగింది ఆ నీళ్ల గురించేనని నాకు తెలుసు, ముగ్గురు ఏజెంట్లకూ తెలుసు. అయినా ముగ్గురూ ఒకే గొంతుతో, ‘నల్లా టైముకు వస్తదమ్మా, బోరు గూడ ఉన్నది, నీళ్లకు ఫికర్ లేదు’ అన్నారు. నాలుగు నెలల్లో ఆ ముగ్గురి మధ్య సంపూర్ణ సమన్వయం నేను చూసింది ఆ ఒక్క క్షణంలోనే. నేనూ కాదనలేదు.

పార్టీ కారెక్కి వెళ్లాక ముగ్గురూ ఎదురుగా ఉన్న చాయ్ బండి దగ్గర నిలబడ్డారు. మల్లెచెట్టుకు నీళ్లు పట్టే నెపంతో నేను ప్రహరీగోడ ఇవతల నిలబడ్డాను. ఇల్లు చూసిన తర్వాత ఏజెంట్లు పరస్పరం ఏమి మాట్లాడుకుంటారన్నది ఈ వ్యాసానికి మూలం కనుక, ఇరవై నిమిషాలు చెట్టు తట్టుకోలేనన్ని నీళ్లు పోసి మరీ విన్నాను. పార్టీ ఉద్యోగం పర్మినెంటేనా, లోను ఏ బ్యాంకులో, ఆ బ్యాంకులో మనకు తెలిసినవాళ్లు ఎవరున్నారు, పార్టీని మొదట పట్టుకొచ్చింది ఎవరు, మా వైపు నుంచి వచ్చే ఒక శాతంలో ముగ్గురికి మూడు భాగాలా, లేక ఇద్దరికి రెండు భాగాలు చేసి మధ్య మనిషికి చాయ్‌పానీ ఇచ్చి పంపడమా అన్నవి చర్చకు వచ్చాయి. ఎనబై వేలను మూడుగా భాగిస్తే తలా 26,666 రూపాయల 66 పైసలు వస్తాయని, ఇంకా రెండు పైసలు మిగులుతాయని గోడ ఇవతల నుంచి నేనే లెక్క కట్టుకున్నాను. ఇంటి ప్రస్తావన ఒక్కసారి వచ్చింది. ‘ఇల్లుదేమున్నదన్నా, తర్వాత సూద్దాం’ అన్నాడు మధ్య మనిషి.

మర్నాడు సాయంత్రం మా ఏజెంటు ఫోను చేసి ఆ శాసనాన్ని మొదటిసారి వినిపించాడు. ‘చెప్తమన్నరు సార్.’ వారం తర్వాత దానికి కొన్ని పాఠాంతరాలు వచ్చాయి. అమావాస్య పోయినంక చెప్తమన్నరు. ఆషాఢం అయినంక చెప్తమన్నరు. మూఢం అయినంక చెప్తమన్నరు. ఒకసారి మేడారం జాతర పోయొచ్చినంక చెప్తమన్నారన్నాడు. ఆ జాతర రెండేళ్లకొకసారి వస్తుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, అయినా నేను ‘సరే’ అన్నాను. మధ్యలో నేను పంపిన వాట్సాప్ సందేశాలకు నీలం గీతలు పడేవి, ఆ తర్వాత ఒక బొటనవేలు వచ్చేది. బొటనవేలు అంటే చదివానని అర్థమా, ఒప్పుకున్నానని అర్థమా, ఇక పంపకు అని అర్థమా అన్నది లిపి పరిశోధకులు తేల్చవలసిన విషయం.

మౌనం కంటే లోతైనది మాట మారే పద్ధతి. ఈ పార్టీకి ముందు వచ్చిన మరొక కుటుంబం మా బంధువులకు తెలిసినవాళ్లు కావడం వల్ల, ఒక మాట బయలుదేరిన చోటు, చేరిన చోటు రెండూ నాకు దొరికాయి. ఆ ఇంటావిడ తన ఏజెంటుతో అన్నది, వంటగదిలో గ్రైండరు పెట్టే గట్టు చిన్నగా ఉందని. ఆ ఏజెంటు మధ్య మనిషికి వంటగది వాస్తు మీద అనుమానం ఉందన్నాడు. మధ్య మనిషి మా ఏజెంటుకు వాస్తు మార్పించాలంటే ఖర్చున్నదట అన్నాడు. మా ఏజెంటు నాకు, ‘రేటు ఎక్కువున్నదంటున్నరు సార్, ఐదు లక్షలు దిగుండ్రి’ అన్నాడు. గ్రైండరు గట్టు నాలుగు నోళ్లు దాటేసరికి ఐదు లక్షలైంది. తిరుగు ప్రయాణంలోనూ ఇదే మహిమ. రిజిస్ట్రేషను తొందరగా చేసుకుంటే ఒక లక్ష తగ్గించడానికి ఆలోచిస్తానని నేనంటే, అక్కడికి అది ‘ఓనరు అప్పులల్ల ఉన్నడు, గట్టిగ అడిగితే దిగుతడు’ అని చేరింది. ఇల్లు ఎలా ఉందని బయలుదేరిన ప్రశ్నలన్నీ చివరికి ఎంతకిస్తావు అన్న ఒకే ప్రశ్నలో కలుస్తాయి.

ఇంత శ్రమ ఎందుకు, కొనేవాడి నంబరు అమ్మేవాడికి ఇస్తే సరిపోదా అని అమాయకులు అడగవచ్చు. నేనూ అడిగాను. మా ఏజెంటు ముఖం ఎంఆర్ఐ రిపోర్టు చదివే డాక్టరు ముఖంలా మారిపోయింది. ‘డైరెక్ట్ అయిపోతరు సార్’ అన్నాడు. కొనేవాడు, అమ్మేవాడు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం ఈ వృత్తిలో మహాపాతకం. న్యాయంగా చెప్పాలంటే ఆ భయానికి కారణం లేకపోలేదు. నెల రోజులు పెట్రోలు పోసుకుని తిరిగిన ఏజెంటును పక్కకు నెట్టి, రిజిస్ట్రేషను ఆఫీసు దగ్గర ఇద్దరే కలుసుకున్న పెద్దమనుషులు మన ఊళ్లో తక్కువేమీ కాదు. అందుకే ఇల్లు చూపించేటప్పుడు ముగ్గురు ఏజెంట్లు మూడు గుమ్మాల్లో నిలబడతారు. అది మర్యాద అని నేను చాలా రోజులు అనుకున్నాను.

డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు ఈ కథ విని నవ్వాడు. అక్కడ ఇల్లు చూసి వెళ్లగానే అమ్మేవాడి ఏజెంటు, కొనేవాడి ఏజెంటుకు అభిప్రాయం చెప్పమని ఫోనుకే ప్రశ్నలు పంపుతాడట. పైగా 2024 ఆగస్టు 17 నుంచి ఇల్లు చూడక ముందే కొనేవాడు తన ఏజెంటుతో, ఫీజుతో సహా, రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలన్న నిబంధన కూడా వచ్చింది. ఆ ప్రశ్నలకు అక్కడ కూడా అందరూ జవాబివ్వరని వాడే ఒప్పుకున్నాడు, అప్పుడు నాకు కొంత ఊరట కలిగింది. ఈ పద్ధతి గురించి మా ఏజెంటుకు చెబితే, ‘రాతలు పెట్టుకుంటే నమ్మకం పోతది సార్, మన దగ్గర మాట మీదనే నడుస్తది’ అన్నాడు. ఆ మాట ఏదో పైన మనవి చేశాను.

మనకు చట్టం లేదా అంటే, ఉంది. 2016లో వచ్చిన స్థిరాస్తి చట్టం, నమోదైన ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు తానూ నమోదు కావాలంటుంది, తప్పుడు మాటలు చెప్పకూడదంటుంది. అయితే మా నాయన కట్టించిన నూట అరవై గజాల పాత ఇల్లు ఏ ప్రాజెక్టూ కాదు. కనుక మా గేటు ముందు చాయ్ బండి దగ్గర నిలబడిన ముగ్గురూ ఆ చట్టం గొడుగు అంచుకు సరిగ్గా అవతల, హాయిగా, చాయ్ తాగుతున్నారు.

ఏజెంట్ల మధ్య సమాచారం అసలే అందదని నేను నింద వేయడం లేదు. 2021 జులైలో రిజిస్ట్రేషను ఖర్చులు అన్నీ కలిపి ఆరు శాతం నుంచి ఏడున్నర శాతానికి పెరిగాయి. ఎనబై లక్షలు కాగితం మీద ఎనబై లక్షలుగానే రాస్తే ఆరు లక్షలు సర్కారుకు కట్టాలి. అందుచేత కాగితం మీద ఎంత రాయాలి, చేతిలో ఎంత పెట్టాలి అన్న అంకె ముగ్గురు ఏజెంట్ల నోట, మూడు వేర్వేరు రోజుల్లో, ఒక్క రూపాయి తేడా లేకుండా వినిపించింది. గ్రైండరు గట్టును కూడా ఇదే దారిలో పంపించి ఉంటే ఎంత బాగుండేది!

మొన్న ఒక శుక్రవారం భద్రకాళి గుడి దగ్గర చెప్పులు విడిచే చోట ఆ రైల్వే ఆయన ఎదురుపడ్డాడు, పక్కన అత్తగారు. నేను తప్పుకుందామనుకునే లోపే ఆయనే చేతులు జోడించి, ‘ఏంది సార్, నాలుగు నెలలాయె, మీరేం చెప్పకపోతిరి’ అన్నాడు. నేను చెప్పడమేమిటి, మీరే కదా చెప్తామన్నది అన్నాను. ఆయన ఆశ్చర్యపోయాడు. ఇల్లు చూసిన మూడో రోజే డెబ్బై ఆరుకు ఒప్పుకుంటే బయానా ఇస్తామని తమ ఏజెంటుకు చెప్పారట. ఆయన వారం తర్వాత వచ్చి, ‘ఓనరు ఇంట్ల మాట్లాడుకొని చెప్తమన్నరు’ అన్నాడట. వాళ్లూ అమావాస్య పోయే దాకా, ఆషాఢం పోయే దాకా, మా ఇంట్లో ఏ సంప్రదింపులు పూర్తవుతాయోనని ఎదురుచూస్తూనే ఉన్నారట.

అత్తగారు మధ్యలో అందుకుంది. ‘నీళ్లు మోకాలి దాక వచ్చినయి గద బిడ్డా? సున్నం కింద గీత కనబడ్డది. అయినా మంచిదే, నాలా పని చేసిండ్రు గద. మేమేం భయపడం.’

ముగ్గురు ఏజెంట్లు, నేను, నా సున్నం కలిసి నాలుగు నెలలుగా కాపాడిన రహస్యం ఆమె ఆ ఆదివారమే చదివేసింది. నేను తలూపాను. రైల్వే ఆయన జేబులోంచి ఫోను తీసి, ‘మీ నంబరు చెప్పుండ్రి సార్, మనమే కూసొని మాట్లాడుకుందాం. డెబ్బై ఆరుకు మీరు ఊ అంటే సోమవారమే బయానా’ అన్నాడు.

ఇన్నాళ్లూ నేను కోరుకున్నది ఇదే. సూటిగా ఒక అంకె, సూటిగా ఒక రోజు, మధ్యలో ఎవరూ లేరు. నేను గుడి గోపురం వైపు చూశాను, చెరువు వైపు చూశాను, నా చెప్పుల వైపు చూశాను.

‘ఇంట్ల మాట్లాడుకొని చెప్తం’ అన్నాను.